ఈజినా సూది

నీళ్ళ ఒడ్డున మిగిలిన చివరి పడవ ఈజినాది కాకపోయి ఉంటే హెగెసోకి ఈ కష్టం వచ్చేదే కాదు. ఊరు ఖాళీ చెయ్యమని ఏథెన్స్ సభ తీర్మానించిన రోజున జనమంతా సముద్రం అవతలి త్రోయిజెన్ ఊరికి వెళ్ళే పడవల మీద పడ్డారు. అక్కడివాళ్ళు మంచివాళ్ళట, వలస వచ్చిన పిల్లల్ని తోటల్లో పడి పళ్ళు కోసుకోనిస్తున్నారట. తొమ్మిదో నెల కడుపుతో హెగెసో ఆ తోపులాటలో ముందుకు వెళ్ళలేకపోయింది. తీరా నీళ్ళ దాకా చేరేసరికి ఈజినా పడవ ఒక్కటే ఉంది.

ఈజినా అంటే ఏథెన్స్‌కి ఎదురుగా ఉన్న దీవి, పక్కలో బల్లెం. నిన్నమొన్నటి దాకా ఒకరి ఓడలను ఒకరు పొడిచి ముంచుకున్న ఊళ్ళవి. ఇప్పుడు పారశీకుల రాజు ఇసక వేస్తే రాలనంత సైన్యంతో దిగాడు కాబట్టి రెండు ఊళ్ళ పెద్దలూ చేతులు కలిపారు. పెద్దలకేం, చేతులు కలుపుతారు, తర్వాత కడుక్కుని భోజనానికి కూర్చుంటారు. ఆ పడవెక్కి అవతలి ఊళ్ళో తలదాచుకోవలసింది ఆడవాళ్ళు.

హెగెసో మొగుడు ఖారియాస్ యుద్ధనౌకలో తెడ్డు వేసేవాడు. ఆమెను పడవలోకి ఎక్కించి, చెవిలో ఒకటే మాట చెప్పాడు.

"నేను ఆ యేడు ఈజినా మీదికి వెళ్ళిన ఓడల్లో ఉన్నానని ఎవరికీ చెప్పకు. చస్తే చెప్పకు."

చెప్పనంత మాత్రాన జరిగింది పోదు కదా. పెళ్ళయిన కొత్తలో ఖారియాస్ రెండు గిన్నెల ద్రాక్షసారా పట్టించాడంటే ఆ కథే ఎత్తుకునేవాడు. ఈజినా రేవు ముందరే, గట్టు మీద జనం చూస్తుండగానే, వాళ్ళ ఓడ నడుముకి తమ ఓడ కంచు ముక్కు ఎలా దిగిందో చేతులు ఊపి చూపించేవాడు. గట్టు మీద ఎవరో ఆడమనిషి వేసిన కేక తెడ్ల చప్పుడులో కూడా వినపడిందట. హెగెసో అప్పుడు నవ్వింది. మొగుడు గెలిచొచ్చిన కథ చెబుతుంటే కొత్త పెళ్ళికూతురు నవ్వక ఏం చేస్తుంది?

ఈజినాలో దిగినవాళ్ళకు చీట్లకి బదులు గింజలు తీసి ఇళ్ళు పంచారు. హెగెసోకి తిమరేతా ఇల్లు వచ్చింది. తిమరేతా ఆ పేటకి మంత్రసాని. అరవై ఏళ్ళుంటాయి, భుజాలు మాత్రం బండలు మోసేవాడి భుజాలు. గుమ్మంలోనే నిలబెట్టి హెగెసోని పైనుంచి కింది దాకా చూసింది.

"గింజలో నీకు నా గడప పడింది. నేను పిలిచి తెచ్చుకోలేదు. అది గుర్తుపెట్టుకుని ఉండు."

"అలాగే పెద్దమ్మా."

"నేను నీకు పెద్దమ్మనేం కాదు. ఆ చేతిలో చెంబేంటి? ఏథెన్స్ మట్టా? అది బయట పెట్టు. మా మేక తాగుతుంది, దానికి పట్టింపుల్లేవు."

గుమ్మం పక్కన మగవాడి చెప్పుల జత ఉంది. దుమ్ము దులిపి ఉంది కానీ తోలు ఎండి పగిలిపోయింది. ఆ చెప్పులు ఎవరివో హెగెసో మూడో రోజు తెలుసుకుంది. తిమరేతా ఒక్కగానొక్క కొడుకు తెలెసోన్‌వి. ఏడేళ్ళ కిందట రేవు ముందర ఏథెన్స్ వాళ్ళు ముంచిన ఓడలో పోయాడు. పక్కింటి నిక్కో ఆ సంగతి చెప్పి, మొహంలోకి తేరిపార చూసి, "మీ ఆయన కూడా ఓడల్లోనేనా?" అని అడిగింది. "ఈ యేడే చేరాడు" అంది హెగెసో.

అప్పటి నుంచి ఆమె అడకత్తెరలో పోకచెక్కే. వెనక్కి పోదామంటే ఊరు లేదు, దానికి పారశీకులు నిప్పు పెట్టారు, మేడ ఎక్కితే సముద్రం అవతల ఆ పొగ కనిపిస్తోంది. ముందుకు పోదామంటే పడవ లేదు, ఉన్న ప్రతి చెక్కా సలామిస్ జలసంధిలోకి యుద్ధానికి పోయింది. లోపల ఉందామంటే ఈ ఇల్లు. తిమరేతా రోజూ బార్లీ రొట్టె, నాలుగు ఆలివ్ కాయలు ముందు పెట్టేది, కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ ఎటు తిరిగిందో చూసేది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ మౌనమే హెగెసోకి ఎక్కువ భయం.

దానికి తోడు సూదులు. ఏథెన్స్‌లో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ అమ్మమ్మ ఒళ్ళో ఉండగానే ఈ కథ చెబుతారు. ఎన్నో తరాల కిందట ఈజినా మీదికి వెళ్ళిన ఏథెన్స్ దండులో ఒక్కడే బతికి వచ్చాడట. పోయినవాళ్ళ పెళ్ళాలు వాణ్ణి చుట్టుముట్టి, "నా మొగుడేడి? నా మొగుడేడి?" అంటూ, భుజాల దగ్గర బట్టకి గుచ్చుకునే సూదులు పీకి, పొడిచి చంపేశారట. అప్పటి నుంచి ఏథెన్స్ మగవాళ్ళు తమ ఆడవాళ్ళ ఒంటి మీద సూది లేకుండా చేసి, కుట్టిన నారబట్టలు కట్టించారు. ఇది విన్న ఈజినా వాళ్ళు, పంతానికి, తమ ఆడవాళ్ళ సూదుల్ని ఉన్న పొడవుకి ఇంకో సగం పెంచారు. తిమరేతా రెండు భుజాల మీదా జానెడేసి కంచు సూదులు. ఆమె వంగినప్పుడల్లా వాటి మొనలు హెగెసో కళ్ళ ముందుకు వచ్చేవి.

యుద్ధం జరిగిన రోజు పొద్దు పొడవక ముందే నొప్పులు మొదలయ్యాయి. సముద్రం మీదుగా గాలి ఏదో హోరును మోసుకొస్తోంది, అరుపులో అలలో తెలియడం లేదు. తిమరేతా నీళ్ళు కాచింది, నూనె వెచ్చబెట్టింది, కాన్పు పీట తెచ్చి నడింట్లో వేసింది. తర్వాత హెగెసో ఎదురుగా నిలబడి, కుడి భుజం మీది సూది సర్రున లాగింది. బట్ట ఒక పక్కకి జారింది. జానెడు కంచు ఆమె పిడికిట్లో ఉంది.

"ఇటు తిరుగు" అంది.

హెగెసో తిరగలేదు. ఏ శక్తి లేపిందో గాని, పీట తన్నేసి, పక్కనున్న కొట్టుగదిలోకి పడి, తలుపు మూసి అడ్డకర్ర దించేసింది.

కొట్టులో నూనె జాడీలు, బార్లీ గాదె, అరచేతంత వెలుగుకన్నం. అందులోంచి చూస్తే ఆకాశం, ఆకాశంలో ఏథెన్స్ పొగ. గోడకి ఆనుకుని కూర్చుంటే మోకాళ్ళు జాడీలకు తగులుతున్నాయి. నొప్పి వచ్చినప్పుడల్లా బట్ట నోట్లో కుక్కుకుంది. మొదట్లో వేళ్ళ మీద లెక్కపెట్టింది, తర్వాత లెక్క తప్పింది. వెలుగుకన్నంలోంచి పడే ఎండ గాదె మీది నుంచి నేల మీదికి పాకింది. బిడ్డ మాత్రం దిగడం లేదు. తను ఈ గదిలో ఇరుక్కుంది, వాడెవడో తన లోపల ఇరుక్కున్నాడు, ఇద్దరికీ దారి లేదు. ఈ మాట అనుకోగానే మొదటిసారి భోరుమంది.

బయట నిక్కో గొంతు వినిపించింది. "లోపలే చావనీ తిమరేతా. నీకేం పోయిందే?"

"నా నూనంతా లోపలుంది."

"వెటకారమా? నా కొడుకులిద్దరూ అక్కడ సముద్రం మీదున్నారు. నాకు నవ్వొస్తదా?"

"నీ కొడుకులున్నారు కాబట్టే చెప్తున్నా, పోయి దేవుడికి దణ్ణం పెట్టుకో. నా వాకిట్లో చావుమాటలు మాట్లాడకు."

నిక్కో అడుగులు వెళ్ళిపోయాయి. తలుపు అవతల ఎవరో నేల మీద చతికిలబడ్డ చప్పుడు.

"ఏమే ఏథెన్స్ పిల్లా, బతికున్నావా?"

"నన్ను పొడవడానికే కదా తీశావు!"

"ఎవరిని?"

"నన్ను! ఆ సూదితో!"

తిమరేతా నవ్వింది, అందులో నవ్వు లేదు. "మీ ముసలమ్మలు చెప్పిన కథా? మొత్తం చెప్పి ఉండరులే. ఇక్కడ నొప్పులొచ్చినదాని భుజం మీద సూది తీసి మా పురిటి అమ్మవార్లు దామియమ్మ, ఆక్సేసియమ్మల ముందర గిన్నెలో వెయ్యాలి. అది పడందే ఏ మంత్రసానీ చెయ్యి పెట్టదు. ఇంకోళ్ళ ఒంటి మీంచి తీసింది పనికిరాదు, పురిటిదాని ఒంటి మీద పెట్టుకున్నదే కావాలి. నీ ఒంటి మీద సూదేదే? కుట్టుబట్ట కట్టుకొచ్చావు గోనెసంచిలాగ. అందుకని నాది తీసి నీ భుజాన బట్టకి గుచ్చుదామనుకున్నా."

హెగెసో నమ్మాలనుకుంది. నమ్మలేకపోయింది. "నీకు నా మీద పగ లేదా?"

"లేకేం. గింజ పడిన రోజున అమ్మవార్లే నిన్ను నా చేతికి పంపారనుకున్నా. మంత్రసానికి సూదెందుకే? నీళ్ళు కాస్త ఆలస్యంగా పెట్టినా చాలు. రెండ్రోజులు అదే ఆలోచన. నేను మంచిదాన్నని నీతో చెప్పలేదు." ఆమె గొంతు తగ్గింది. "మూడో రోజు నీ కడుపు మీద చెయ్యేస్తే లోపల తన్నాడు. తెలెసోనూ అట్లాగే తన్నేవాడు, ఎడమ పక్కనే. ఇక అప్పుడు ఆ ఆలోచన కుదరలేదు. కుదరనందుకు నా మీద నాకే కోపం. ఇంకేం చెప్పను?"

నొప్పి వచ్చింది. హెగెసో జాడీని కావలించుకుని మూలిగింది. అది తగ్గాక చూస్తే, తలుపు కింది సందులోంచి కంచు సూది లోపలికి వచ్చి ఉంది. తల భాగం హెగెసో వైపు, మొన తిమరేతా వైపు.

"తీసుకో. నీ భుజానికి నువ్వే గుచ్చుకో. నా చెయ్యి తేడాగా కదిలిందనిపిస్తే పీకి నన్నే పొడువు. నువ్వు పొడిచినా అడిగేవాళ్ళు లేరు నాకు. కానీ తలుపు తియ్యి. ఆ మూలుగు నాకు తెలుసు. పొద్దు వాలేలోపు తియ్యకపోతే ఇద్దరూ పోతారు."

హెగెసో సూది అందుకుంది. ఆమె చెయ్యి పట్టిన మొదటి భుజం సూది అది. కుట్టుబట్ట మీదే భుజం దగ్గర గుచ్చుకుంది. లేచి అడ్డకర్ర పట్టుకుంటే అది కదలలేదు.

"రావడం లేదమ్మా! నా వల్ల కావడం లేదు!"

"నొప్పిలో ఎత్తకు. ఆగు. పోనీ, పోనీ, దాన్ని పోనీ. తగ్గిందా? ఆఁ, ఇప్పుడు. భుజం కింద పెట్టి లే."

కర్ర లేచి పడింది. తిమరేతా ఆమెను రెండు చేతులా పట్టి పీట దాకా ఈడ్చింది. సూదిని హెగెసో భుజం మీది నుంచి హెగెసో చేతే తీయించి, అమ్మవార్ల గిన్నెలో వేయించింది. ఆ తర్వాత ఆమె చేతులు ఎక్కడా తడబడలేదు. బిడ్డ అడ్డం తిరిగాడు, నూనె చేత్తో తిప్పింది. తిట్టింది, ఏథెన్స్ ఆడవాళ్ళకి ముక్కడం కూడా రాదంది, జుట్టు ఎగదోసి మొహం తుడిచింది. మధ్యాహ్నం దాటాక బిడ్డ జారి ఆమె చేతుల్లో పడి, కేరుమన్నాడు.

"మగపిల్లాడు" అంది తిమరేతా.

బొడ్డు ఇంకా కొయ్యలేదు. నారదారం, కత్తి పక్కనే ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడలేదు. బిడ్డ చేతుల వైపు, తెడ్డు పట్టుకోబోయే ఆ వేళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"మీ ఆయన ఆ యేడు మా రేవు ముందరికి వచ్చాడా?"

లేదు అనే మాట హెగెసో నాలుక చివరనే ఉంది, ఇరవై రోజులుగా అక్కడే ఉంది. సూది గిన్నెలో ఉంది, బిడ్డ తిమరేతా చేతుల్లో ఉన్నాడు. చస్తే చెప్పకు అన్నాడు ఖారియాస్. కానీ ఆ ముసలామె తలుపు అవతల కూర్చుని తన మనసులోని విషమంతా కక్కి, ఆ తర్వాతే తలుపు తియ్యమంది. ఆమె మొహం చూస్తూ అబద్ధం ఆడటానికి హెగెసోకి నోరు రాలేదు.

"వచ్చాడు."

"ఆ ఓడేనా?"

"ఏ ఓడో నాకు తెలీదమ్మా. రేవు ముందరే ఒకదాన్ని ముంచామన్నాడు. గట్టు మీద ఎవరో ఆడమనిషి కేక వినపడిందన్నాడు."

"అది నేనే" అంది తిమరేతా.

హెగెసో బిడ్డ కోసం చేతులు చాచింది గాని దగ్గరికి జరగలేకపోయింది. కాళ్ళు రెండూ చచ్చుబడి ఉన్నాయి. ఏడేళ్ళ కిందట తను నవ్విన నవ్వు గుర్తొచ్చి, ఆ నోరు అక్కడికక్కడే పడిపోయినా బాగుండుననిపించింది.

తిమరేతా దారం తీసుకుని బొడ్డు రెండు చోట్ల గట్టిగా కట్టింది. మధ్యలో కోసింది. గోరువెచ్చటి నీళ్ళలో కడిగింది, నూనె రాసింది, మెత్తటి పాత బట్టలో చుట్టింది. అది మగవాడి అంగీలోంచి చింపిన గుడ్డ. బిడ్డను తల్లి రొమ్ముకి ఆనించి, తల సరిగ్గా పట్టుకోవడం నేర్పింది. అప్పుడు కింద రేవులో గోల లేచింది. వీధిలో నిక్కో పరిగెడుతూ అరుస్తోంది, ఓడలొస్తున్నాయి, గెలిచారట, పారశీకుల ఓడలు చెక్కలు చెక్కలైపోయాయట.

తిమరేతా చేతులు కడుక్కుంది. గిన్నెలో సూది అమ్మవార్లది, దాన్ని తిరిగి తీసుకోకూడదు. జారిన బట్టను భుజం మీద ముడి వేసుకుని, తలమీదికి దుప్పటి లాక్కుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"పేరేంటి?"

"ఇంకా పెట్టలేదమ్మా. వాళ్ళ నాన్న ఉండాలి కదా."

"వీడిది కాదు. వాళ్ళ నాన్నది. రేవులో మీ ఊరి ఓడల వాళ్ళు ఎవరైనా దిగుంటారు. బతికున్నాడో లేదో అడిగొస్తా."

హెగెసో ఏడుస్తూనే చెప్పింది. "ఖారియాస్. కొలోనోస్ పేట."

"ఖారియాస్" అంది తిమరేతా. మర్చిపోకుండా ఉండటానికి అదే పేరును లోలోపల వల్లించుకుంటూ మెట్లు దిగి రేవు వైపు నడిచింది.