గురిగింజంత క్లాసు

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా ఊరి పాలిటెక్నిక్‌లో చిప్పుల ల్యాబు గురిగింజంత అవుతుంది. లోపల ముప్పై ఒక్క మంది పిల్లలు ఉన్నారు. చిప్పు మీద పని వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉంటుందని, అది నేర్చుకోవాలంటే గదీ మనుషులూ ఆ కొలతకు దిగిరావలసిందేనని సిలబస్‌లోనే రాసి ఉంది. కాబట్టి ఎవరూ కంగారు పడరు. ప్రిన్సిపాల్ హేమావతి మేడం ఆ గింజను చిటికెనవేలి కొసన అంటించుకుని వచ్చి, నా బల్ల మీద పరిచిన నల్లగుడ్డ మధ్యలో పెడుతుంది.

"తుమ్మకండి దస్తగిరి గారూ. తుమ్ము వచ్చేటట్టుంటే ముందే అర్జీ పెట్టుకోండి," అంటుంది.

నేను ఈ కాలేజీలో దుమ్ము శాఖకు అధిపతిని. తలుపు మీద బోర్డు ఉంది: షేక్ దస్తగిరి, ఐదో తరగతి పాస్. బంగారు అంగళ్ల వీధిలో కంసాలుల గడపల ముందు ఊడ్చిన దుమ్మును కడిగి, అందులో రాలిన బంగారు రజను ఏరుకుని యాభై రెండేళ్లు బతికినవాణ్ణి. ఏ దుమ్ము ఏ ఇంటిదో, గాలికి వచ్చిందో చెప్పులకు అంటుకుని వచ్చిందో నాలుక మీద వేసుకుని చెప్తాను. ఒక ఎండాకాలం సుడిగాలి మా వీధిలో దారి తప్పితే, దానిలోని దుమ్మును పేరుపేరునా పిలిచి ఎవరిళ్లకు వాళ్లను పంపించేశాను. సుడిగాలి ఒట్టి చేతులతో నిలబడిపోయింది. దానికి మజ్జిగ ఇచ్చి సాగనంపాను.

ఈ సంగతి చెవిన పడే మేడం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చిప్పులకు దుమ్మే పగవాడు, పగవాడి గుట్టు తెలిసినవాడు కావాలి, అంది. ఆరు నెలలుగా బుధవారం రెండో పీరియడు నాది.

ఈ రోజు పరీక్ష. సాయంత్రం నాలుగింటికి పిల్లలు చేసిన చిప్పు బిళ్ల వెలగాలి. వెలిగితే ముప్పై ఒక్క మందికీ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగాలు. వెలగకపోతే ల్యాబు ఇక మళ్లీ పెద్దదవదు. పిల్లలతో సహా దాన్ని దూదిలో చుట్టి బీరువాలో పెట్టేస్తారు. బీరువాలో ఇప్పటికే రెండు గింజలు ఉన్నాయి. మధ్యాహ్నం పూట వాటిలోంచి ఎక్కాలు అప్పజెప్తున్న సద్దు వస్తూ ఉంటుంది.

పరీక్ష చేయడానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెద్దమనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయన తన కనురెప్పలను గెస్ట్‌హౌసులో విప్పి పెట్టి వచ్చాడు. రెప్ప కొడితే గాలి పుడుతుందట. మంచి పద్ధతే.

నేను కంసాలి భూతద్దం కంటికి బిగించుకుంటాను. గింజలోని నల్లమచ్చ తలుపు, ఎర్రటిదంతా గది. గది నేల మీద బిళ్ల ఒక పట్నంలా పరుచుకుని ఉంది. పట్నంలో ముప్పై ఒక్క వీధులు, వీధికొకరు, వీధికి కోటి తలుపులు. కరెంటు వస్తే తలుపు తెరుచుకోవాలి, పోతే మూసుకోవాలి. చిప్పు అంటే ఇంతే. తలుపు తీయడం, వేయడం రెండూ మర్యాదగా తెలిసి ఉండాలి.

పిల్లలందరూ నెత్తి నుంచి కాలి దాకా తెల్లటి తొడుగుల్లో ఉన్నారు. ఏడో వీధిలో నడుము వంచి పని చేస్తున్నది కుళ్లాయమ్మ. ఆమె తల్లి చెన్నమ్మ మునిసిపాలిటీ తరఫున బంగారు అంగళ్ల వీధి ఊడ్చేది. ఆమె ఊడ్చిన దుమ్మే నేను కడిగేది. పోయిన నెల ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకుపోతే, అక్కడ తగిలించి ఉన్న తెల్ల తొడుగు ఒకటి తన కొలతకు సరిగ్గా సరిపోయిందని, దాన్ని విడిచి రాలేక బస్సులో దారంతా ఏడ్చిన పిల్ల.

కంసాలి ఊదుగొట్టం ఒక కొస నల్లమచ్చకు ఆనించి, రెండో కొస నోటి దగ్గర పెట్టుకుంటాను. లోపలికి మాట్లాడే దారి అదొక్కటే.

"ఏం పాపా, యాడికొచ్చింది పని?"

"నా వీధి అయిపోయింది తాతా. పక్కన ఓబులేసు తలుపులే రెండు కిర్రుమంటాండాయి."

"కిర్రుమనడం కాదు తాతా, పాడతాండాయి," అని ఓబులేసు గొంతు. "ఆయమ్మికి సంగీతం తెల్దు."

పదకొండు గంటల నలభై నిమిషాలకు కుళ్లాయమ్మ మళ్లీ పిలుస్తుంది. గొంతులో తొందర లేదు. తొందరపడితే ఊపిరి ఎక్కువ ఖర్చవుతుందని నేర్పింది నేనే.

"తాతా, నా వీధిలో కొండ పడింది."

"ఎంత కొండ?"

"గండికోట కొండంత ఉండాది."

"రంగేంది?"

"పసుపు. చల్లగా ఉండాది. గీరితే గీత పడతాండాది."

నేను భూతద్దంలోంచి చూస్తాను. మందలో తన ఎనుమును గుర్తుపట్టినట్టు గుర్తుపడతాను. అది బంగారం. అది నా కుడిచేతి చూపుడువేలి గోటి కింద ఉండే రేణువు. గోరు ఒట్టిది పెట్టుకుని ఇంటికి పోరాదని మా నాయన చెప్పినందుకు, తొమ్మిది గోళ్లు రుద్ది కడుక్కుని, పదోదాన్ని వదిలేశాను. పొద్దున ల్యాబు ఇంకా పెద్దదిగా ఉన్నప్పుడు కుళ్లాయమ్మ టోపీ సర్దిందీ ఆ వేలితోనే. తర్వాత గదీ మనుషులూ చిన్నబడ్డారు, బంగారం మాత్రం ఎవరి మాటా విని చిన్నబడదు. గురిగింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలుసు.

దుమ్ములన్నిటిలోకీ చెడ్డది బంగారం. అది తగిలిన బిళ్లకు మతిమరుపు వస్తుంది. కరెంటు యాడికి పోతున్నానో మరిచి నిలబడిపోతుంది. మేడం పుస్తకంలో చూపిస్తే ఆరు నెలలుగా ఈ పాఠం నేను చెప్తూనే ఉన్నాను. నమ్మింది మాత్రం ఈ రోజే.

"మేడం, అది నా గోటిది," అంటాను.

మేడం నా గోటి వైపు చూసి, తర్వాత బీరువా వైపు చూస్తుంది. రెప్పలు లేని పెద్దమనిషి కాగితం మీద ఏదో రాసుకుంటాడు. నేను ఊదుగొట్టం అందుకుంటాను.

"పిల్లోళ్లూ, ఇనండి. ఆ కొండ నా గోటి మురికి. తప్పు నాది. దాన్ని బయట పారెయ్యండి."

గింజలో ఒక్కరూ కొండ మీద చెయ్యి వేయరు. వాళ్లు బంగారు అంగళ్ల ఊరి పిల్లలు. మా ఊళ్లో ఊడ్చిన దుమ్మును కూడా పారేయరు. కంసాలి చేతులు కడిగిన నీళ్లను గుడ్డలో వడకడతారు. బంగారం పారేయడం ఎలాగో ఆ ముప్పై ఒక్క మందిలో ఎవరూ చూసి ఎరగరు.

"గండికోటంత బంగారం తాతా," అంటాడు ఓబులేసు. "మా ముసలి జేజి ముక్కుపుడక పడిపోయిందని మా నాయన మోరీ కాలవంతా తవ్విపిచ్చినాడు. పక్కన పెట్టుకుంటే పోలా?"

"పక్కనంటే యాడ, నీ నెత్తినా?" అంటుంది కుళ్లాయమ్మ. "పెట్టిన చోటల్లా మతిమరుపే. నువ్వు నీ పేరు మర్చిపోతే మేలే గానీ, నా తలుపులు మర్చిపోతాండాయి రా."

నిజమే. కొండ పక్కనున్న తలుపు ఒకటి తాను కిటికీననుకుని గాలి కోసం చూస్తోంది. ఇంకొకటి తనకు పెళ్లయిందా లేదా అని పక్క తలుపును అడుగుతోంది.

"మా యమ్మ ముప్పై ఏండ్లు బంగారాన్ని చీపురుతో నెట్టింది," అంటుంది కుళ్లాయమ్మ. "ఒక్కనాడు గూడా చెయ్యి నొవ్వలేదు. రాండి, తోద్దాం."

ఓబులేసు అందరికంటే ముందు పోయి భుజం ఆనిస్తాడు. ముప్పై ఒక్క మందీ తోస్తారు. కొండ కదలదు. గడియారం పన్నెండు దాటుతుంది.

"తాతా," అంటుంది కుళ్లాయమ్మ కాసేపటికి. "దుమ్ము కడిగేటప్పుడు తట్ట ఊపితే ఏం పోతాదని చెప్పినావు?"

"తేలికది పోతాది. బరువుది నిలుస్తాది."

"మాకు బరువుది పోవల్ల. తేలికోళ్లం మేము నిలవల్ల. అట్లయితే తట్టను తిరగేస్తే సరి. మమ్మల్ని బోర్లించు."

యాభై రెండేళ్లలో నాకు ఈ ఆలోచన రాలేదు. బంగారం నిలబెట్టుకునేవాడికి రాదు.

నల్లమచ్చ తలుపు తెరిచి పెట్టి, పిల్లలందరూ తమ తమ తలుపుల గడియలు పట్టుకుంటారు. నేను పట్టుకారుతో గింజను నిదానంగా పైకెత్తి తలకిందులు చేస్తాను. ఇక మణికట్టుతో ఒక్క ఊపు ఊపాలి. చాలకపోతే కొండ రాదు. ఎక్కువైతే పిల్లలు రాలిపోతారు.

"మీ చెయ్యి వణుకుతోంది," అంటాడు పెద్దమనిషి.

"వణుకు కాదు సార్. తట్ట ఊపిన చెయ్యి. దీనికి ఊరికే ఉండటం చేతకాదు."

ఒకే ఒక్క ఊపు ఊపుతాను.

కొండ రాలుతుంది. గింజకూ బల్లకూ నడుమ జానెడే ఎత్తు, కానీ పడేది గండికోటంత కొండ కాబట్టి పన్నెండున్నరకు మొదలైన పడటం మూడింటి దాకా సాగుతుంది. మేడం నడుమ పోయి భోజనం చేసి వస్తుంది. మూడు గంటల రెండు నిమిషాలకు రేణువు నల్లగుడ్డ మీద వాలుతుంది. పక్కగదిలో ఎవరో కాలి పట్టీ తీసి పెట్టినంత సద్దు.

"ఇది ఎవరిది?" అంటాడు పెద్దమనిషి.

ఎవరూ నాదనరు. కిటికీ బయట అప్పటికే వీధి కంసాలులు పదిమంది నిలబడి ఉన్నారు. బంగారం పడిన సద్దు వాళ్లకు ఆమడ దూరం నుంచి వినిపిస్తుంది. వాళ్లూ నాదనరు. ఒకాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుంటాడు. మా ఊళ్లో బంగారం ఎవరిదీ కాకుండా పడి ఉండటం ఇదే మొదలు. నేను చీపురు తెచ్చి దాన్ని చెత్తబుట్టలోకి ఊడుస్తాను. చెయ్యి నొవ్వదు.

నాలుగింటికి మేడం స్విచ్చి వేస్తుంది. మొదటి వీధి వెలుగుతుంది, రెండోది, మూడోది. ఆరో వీధి దగ్గర కరెంటు కాస్త ఆగి, చెప్పులు విడిచి, ఏడో వీధిలో అడుగు పెడుతుంది. కోటి తలుపులూ తమ పేర్లు చెప్పి దారి ఇస్తాయి. ఓబులేసు వీధిలో రెండు తలుపులు పాడతాయి. కొస వీధి దాకా దీపాలు. గింజ నా బల్ల మీద నిప్పుకణికలా కూర్చుని, ఏమీ కాల్చకుండా వెలుగుతూ ఉంది.

పెద్దమనిషి గెస్ట్‌హౌసుకు మనిషిని పంపించి తన కనురెప్పలు తెప్పించుకుంటాడు. వాటిని తగిలించుకుని, ఒక్కసారి కళ్లు మూసుకుని కూర్చుంటాడు. తెరిచి, "ముప్పై ఒక్క మందీ రావచ్చు," అంటాడు.

నల్లమచ్చ తెరుచుకుంటుంది. పిల్లలు బయటికి వచ్చి నా అరచేతిలోకి దిగి, చేయి మీదుగా పైకి నడుస్తారు. మణికట్టు దగ్గర చీమలంత, మోచేతి దగ్గర పిచ్చుకలంత ఉంటారు. భుజం మీదికి వచ్చేసరికి మనుషులైపోతారు, కిందికి దూకుతారు. కుళ్లాయమ్మ అందరికంటే చివర వస్తుంది. ముప్పై ఒక్క మంది బరువు మోసిన భుజం నొప్పి పెట్టాలి, పెట్టదు. జీవితంలో ఇంత బరువైన సరుకు నేను ఎత్తలేదు.

కుళ్లాయమ్మ జేబులోంచి చిన్న బ్రష్షు తీస్తుంది.

"వేలు సాపు సార్," అంటుంది.

ఆరు నెలలూ తాతా అన్న పిల్ల. నేను వేలు చాస్తాను. పదో గోరు కూడా తెల్లగా అవుతుంది. మా నాయన ఏమీ అనడు.

నాలుగున్నరకు వాచ్‌మన్ వచ్చి, వచ్చే ఏడాది సీట్ల కోసం అడగడానికి ఎవరో వచ్చారని చెప్తాడు. ఎంతమంది అంటే లెక్క రావడం లేదంటాడు. మేడం, కుళ్లాయమ్మ, నేను గేటు దగ్గరికి నడుస్తాం.

పెన్నా ఇసుక వచ్చి ఉంది. రేణువు వెనక రేణువు, తోపులాట లేకుండా, పాపిడి తీసి దువ్వుకుని, గేటు నుంచి రోడ్డు మీదుగా, బ్రిడ్జి దాటి ఏటి ఒడ్డు దాకా నిలబడి ఉంది. వెలిగిన ఆ బిళ్ల కూడా ఒకప్పుడు ఇసుకేనని మేడం నా చెవిలో చెప్తుంది. ఆ మాట వాటికి ఎలాగో చేరినట్టుంది.

కుళ్లాయమ్మ మొదటి రేణువు ముందు గొంతుకూర్చుంటుంది.

"ఏం చదివినావు?"

"నీళ్లు యాడ ఆగుతాయో, యాడ పోతాయో చదివినా," అంటుంది రేణువు.

"చాల్లే. మేము నేర్పేదీ అదే. నీళ్ల బదులు కరెంటు," అని కుళ్లాయమ్మ పేరు రాసుకుంటుంది.

గేటు బయట, ఇసుకను సాగనంపడానికి వెంట వచ్చిన పెన్నా నది నిలబడి ఉంది. ఇసుక లేని ఒంటితో కాస్త సన్నబడినట్టు కనిపిస్తోంది. లోపలికి రమ్మంటే రాదు. కాళ్లకు బురద ఉండాదమ్మా, మీ గది మాస్తాది, ఈడనే ఉంటాలే, అంటుంది. మైళ్ల పొడుగు కుచ్చెళ్లు ఒక చేత ఎత్తిపట్టుకుని, గేటు దాటే ఒక్కో రేణువును ఆపి, దాని నుదుటి మీది తడిని కొంగుతో తుడిచి లోపలికి పంపిస్తోంది.