చెరువు గట్టు మీద రెండు కెమెరాలు

అయినా ఆ రెండింటిలో ఒకటి కాస్త నాసిరకమైతే ఎంత హాయిగా ఉండేది, అప్పుడు మనిషి ఆలోచించాల్సిన పనే ఉండదు, చెడ్డదాన్ని పక్కన పెట్టి మంచిదాన్ని పట్టుకుని ఇంటికి పోవచ్చు, కానీ రెండూ మంచివైనప్పుడు ఒకదాన్ని వద్దనడానికి కారణం మనలోంచే రావాలి, అదే కదా చిక్కు, అనుకుంటూ రూబెన్ ఏలూరు దాటి గుడివాకలంక దారిలో స్కూటర్ నడుపుతున్నాడు. కాళ్ళ మధ్య సంచిలో రెండు కెమెరాలున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా రెండు పాదాలతోనూ సంచిని ఒడిసి పట్టుకుంటున్నాడు. పాదాలు కూడా ఏ పక్షమూ వహించడం లేదు.

పొద్దున్న ఏలూరు పవర్‌పేటలో గంగాధరరావు గారు ఆ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, తుడిచినవాటినే మళ్ళీ గుడ్డతో తుడిచారు. ఆయన ఫోటో స్టూడియో మూసేసి కొన్నేళ్ళయింది. బోర్డు తీసేశారు గాని పనిముట్ల మీద మమకారం తీరలేదు. ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటీ అమ్ముతున్నారు.

"ఇదిగోనండి, ఇది నికాను. పొడుగు లెన్సు. అవతల గట్టు మీద కొంగ కన్ను కూడా దొరుకుతుంది. ఇది క్యానను. పాతదే, బరువు, కానీ మొహాలకి దీన్ని మించింది నా చేతికి రాలేదు. దీనికి ఈ పొట్టి లెన్సొకటే. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే మీరే నడవాలి."

"రెండూ బాగానే ఉన్నాయండి," అన్నాడు రూబెన్.

"ఆ మాట మీరు పోయిన వేసవిలో కూడా అన్నారండి." ఆయన కోపంగా అనలేదు. "సాయంత్రం దాకా రెండూ మీ దగ్గరే ఉంచుకోండి. పొద్దుగూకేలోపు ఒకటి తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి. అది ఏదైనా సరే, రేపు చింతలపూడి నుంచి ఒకాయన వచ్చి తీసుకెళ్తాడు. ఆయనకి ఏదైనా ఒకటేనంట."

"అదృష్టవంతుడండి," అన్నాడు రూబెన్. అది ఎగతాళి కాదు.

తాడేపల్లిగూడెం స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్ దగ్గర కూర్చుంటాడు రూబెన్. అద్దానికి ఇటు తను, అటు జనం. అద్దం కింద సందులోంచి చేతులు లోపలికి వస్తాయి. గోరింటాకు చేతులు, మట్టి చేతులు, వాచీ చేతులు. తను కంప్యూటర్ తెర చూస్తాడు, చేతుల్ని చూస్తాడు, అంతకంటే పైకి చూడాల్సిన పని పడదు. ఆ ఉద్యోగం తనను అలా చేసిందా, అలాంటివాడు గనకే ఆ ఉద్యోగంలో సుఖంగా ఉన్నాడా అని అప్పుడప్పుడూ ఆలోచిస్తాడు. పిట్టల ఫోటోలు తీయాలన్న కోరిక ఆ ఆలోచన పక్కనే పుట్టింది. పిట్టలు పోజివ్వవు. ఎలా వచ్చిందని అడగవు.

ఏడాదిగా పోలుస్తున్నాడు. యూట్యూబ్‌లో వీడియోలు, సెకనుకి ఎన్ని ఫ్రేములు, చీకట్లో బొమ్మ ఎంత గరుకుగా వస్తుంది. పెంటపాడు స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చిన అతని భార్య క్యాథరిన్, ఫోన్‌లోకి తొంగి చూసి, "ఏవండీ, పెళ్ళికి ముందు నన్ను కూడా ఇలాగే ఎవరి పక్కనో పెట్టి చూశారా?" అని అడిగింది. లేదన్నాడు. "మరి నన్నెలా ఒప్పుకున్నారు?" "మీ నాన్నగారు సమాధానం రేపటికల్లా చెప్పమన్నారు," అన్నాడు. క్యాథరిన్ ఆ మాటను చర్చిలో తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వింది.

అసలు సంగతి అతనికి తెలుసు. కొనని కెమెరాతో ఇప్పటిదాకా ఒక్క ఫోటో కూడా పాడవలేదు. మనసులో తీసిన గూడబాతులన్నీ అద్భుతంగా వచ్చాయి. కొన్నాక మాత్రం, బాగా రాకపోతే తప్పు తనదే. ఇదంతా తెలుసు. తెలిసినా ఏమీ మారలేదు. తనను తాను అర్థం చేసుకోవడం కూడా వాయిదా వేయడంలో ఒక పద్ధతేమో. అందుకే స్కూటర్ ఎక్కేముందు ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఇవాళ సాయంత్రం రెండు కెమెరాలూ ఆ బల్ల మీదే మిగిలితే, ఇక ఈ జన్మలో కెమెరా మాట ఎత్తకూడదు. ఒప్పందానికి సాక్షులు లేరు. అదే భయం. తనకు తాను ఇచ్చుకున్న మాట తప్పితే అడిగేవాళ్ళుండరు.

చెరువుల దగ్గర స్కూటర్ ఆపి గట్టెక్కాడు. నీళ్ళ నిండా వెదురు గెడలు, గెడలకు చేపల మేత సంచులు, పిట్టల్ని తరమడానికి ఆ గట్టు నుంచి ఈ గట్టుకు లాగిన మెరుపు రిబ్బన్లు. గాలికి రిబ్బన్లు జుయ్యిమంటున్నాయి. గూడబాతులు ఆ చప్పుడుకు ఎప్పుడో అలవాటు పడిపోయినట్టున్నాయి. ఒకటి మేత గెడ పక్కనే వాలి, గొంతు సంచిని బారుగా ఊపుతోంది.

నికాను తీశాడు. ఎంత వేగంగా పట్టుకుందో, అతనికే నవ్వొచ్చింది. గూడబాతు కన్ను, కంటి చుట్టూ ముడతలు, ముక్కు చివర వేలాడే నీటి బొట్టు. బొట్టు రాలింది. అదీ పడింది. ఒళ్ళంతా పండగలా ఉంది. ఇదే, ఇంకేం కావాలి, అనుకున్నాడు. వెంటనే, క్యాననుకి అన్యాయం జరగకూడదని దాన్నీ తీసి మెడలో వేసుకున్నాడు. ఒక పట్టీ ఎడమ భుజం మీంచి, ఒకటి కుడి భుజం మీంచి. గుండె మీద ఇంటూ గుర్తు.

అప్పుడే వెనక నుంచి, "దయచేయండి సార్, నీడలోకి రండి," అన్నారెవరో.

యాభై దాటిన మనిషి ప్లాస్టిక్ కుర్చీ మోసుకొస్తున్నాడు. కుర్చీలో కొబ్బరిబొండం ఉంది. తన పేరు తాతారావు అన్నాడు, ఈ చెరువు తనే కౌలుకు చేస్తున్నానన్నాడు, గట్టు వెడల్పు అడక్కముందే చెప్పాడు, కాగితాలన్నీ ఇంట్లో భద్రంగా ఉన్నాయన్నాడు.

"నేను కొలవడానికి రాలేదండి," అన్నాడు రూబెన్.

"వచ్చినవాళ్ళంతా ముందు అలాగే అంటారండి. బొండం తాగండి సార్. రెండు కెమెరాలు చూసే సర్వేకి వచ్చారనుకున్నాం. ఒకటి ఫారెస్టుదీ, ఒకటి ఫిషరీసుదీ. రెండు డిపార్టుమెంట్లకీ కలిపి మీరొక్కరే వచ్చారా?"

"రెంటిలో ఒకటి కొనుక్కుందామని వచ్చానండి. ఏది బాగుందో తేలక రెండూ తెచ్చుకున్నాను. నేను గూడెం స్టేషన్‌లో టికెట్లిస్తాను."

తాతారావు అతన్ని ఎగాదిగా చూశాడు. మెల్లగా భుజాలు దిగాయి. "నిజమేలెండి. అబద్ధమైతే ఇంకొంచెం పెద్ద ఉద్యోగం చెప్పేవారు." అని పాక వైపు తిరిగి, "అమ్మా, సర్వే కాదంట. టికెట్లిచ్చే ఆయనంట," అని కేకేశాడు.

పాకలోంచి ఒక ముసలావిడ వచ్చింది. వెంకటనరసమ్మ. వంగలేదు, చేతికర్ర లేదు. వచ్చి ఎదురుగా నిలబడింది.

"టికెట్లిచ్చేవాళ్ళు మొహాలు చూడరుగా నాయనా. తలుపు సందులోంచి కుక్కపిల్లకి అన్నం పెట్టినట్టు ఇటు తోసేస్తారు. నీకు మొహం తీయడం వచ్చా?"

"పిట్టల కోసం వచ్చానండి మామ్మగారూ."

"పిట్టలు ఎక్కడికి పోతాయి, మా చేపలు తింటూ ఇక్కడే ఉంటాయి. నన్నొకటి తియ్యి. ఆధార్ కార్డులో నన్ను చూసి మా మనవరాలు దడుచుకుంది. ఈవిడెవరు మామ్మా అంది."

"దడుచుకోదా మరి," అన్నాడు తాతారావు. "అచ్చం మన పాత మోటారు కాపలాదారులా ఉన్నావందులో."

"మీసం ఒకటే తక్కువ," అందావిడ.

రూబెన్ చేతిలో నికాను ఉంది. ఎత్తాడు. లెన్సు నిండా ఆమె ముక్కుపుడక ఒకటే కనిపించింది, అదీ మసగ్గా. వెనక్కి జరిగాడు. ఒక చెంప వచ్చింది. ఇంకా జరిగాడు.

"వెనక చెరువండీ," అన్నాడు తాతారావు.

పక్కకి తిరిగి గట్టు వెంట వెనక్కి నడిచాడు. మొహం మొత్తం చట్రంలోకి వచ్చేసరికి ఆవిడ ఎక్కడో ఉంది. అంత దూరాన ఆమె చేతులు రెండూ పక్కలకు ఆనించి, పెదాలు బిగించి, ఆధార్ కార్డులాగే నిలబడిపోయింది. "అంత దూరం పోతే నేనెవరితో మాట్లాడేది?" అని అక్కణ్ణుంచే అరిచింది. గుడ్లురిమింది.

మళ్ళీ నడిచి వచ్చాడు. క్యానను తీశాడు. గంగాధరరావు గారి మాట గుర్తొచ్చింది. ముందుకు రెండడుగులు వేశాడు. చాలలేదు. ఇంకొకటి. ఆవిడ ఊపిరిలో పొగాకు వాసన తెలుస్తోంది. ఇంత దగ్గరగా పరాయి మనిషి మొహం ముందు అతనెప్పుడూ నిలబడలేదు. మధ్యలో అద్దం లేదు. ఊపిరి బిగపట్టకపోతే ఫోటో చెదురుతుందని వీడియోల్లో చెప్పారు. చెదిరితే చెదురుతుంది.

"ఇటు చూడండి మామ్మగారూ," అన్నాడు. ఆ మాట బయటికి వచ్చాక తెలిసింది, బతుకులో ఇప్పటిదాకా ఎవరితోనూ ఆ మాట అనలేదని.

ఆవిడ చూసింది. ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత కళ్ళ చివరలు కదిలాయి, బుగ్గలు కదిలాయి, లోపల్నుంచి పుట్టిన నవ్వు పళ్ళులేని పక్కగుండా బయటపడింది. అతను నొక్కాడు. టక్కుమని గట్టిగా మోగింది. తాతారావు ఉలిక్కిపడ్డాడు.

వెనక తెరలో చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసింది. "ఇది నేనే," అంది ఒప్పుకుంటున్నట్టు.

"ఎందుకు నవ్వారండీ?"

"నీ కళ్ళు దాక్కున్నాయి గాని నాయనా, కింద నోరు కనపడతానే ఉంది. నువ్వు నవ్వుతున్నావు. నిన్ను చూసి నవ్వాను."

తను నవ్వుతున్నట్టు రూబెన్‌కి తెలియదు. చేత్తో నోరు తడుముకున్నాడు. సాక్ష్యం ఏమీ దొరకలేదు, నవ్వు అప్పటికి వెళ్ళిపోయింది. కాదు, ఇంకా ఉంది.

మనవరాలి ఫోన్ నంబరు రాసుకున్నాడు, ఫోటో పంపిస్తానని. తాతారావు రెండు శీలావతి చేపలు సంచిలో వేసి స్కూటర్‌కి తగిలించాడు. వద్దంటే వినలేదు. "సర్వే వాళ్ళకైతే ఇచ్చేవాణ్ణి కాదులెండి," అన్నాడు.

తిరుగుదారిలో పోలిక మళ్ళీ మొదలైంది. ఆ నీటి బొట్టు క్యాననుకి ఎప్పటికీ దొరకదు. ఏడాది లెక్కలన్నీ నికాను వైపే. గూడబాతులు ప్రతి శీతాకాలం వస్తాయి, మామ్మగారు ఒక్కసారే దొరికింది. అలాగని ఒక్క నవ్వుని చూసి నిర్ణయం తీసుకుంటారా ఎవరైనా. దూరంగా నిలబడి కూడా ప్రేమించవచ్చు. నిలబడవచ్చు, ఇన్నాళ్ళూ నిలబడ్డాడుగా. వాదనలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, కానీ ఎవరో ఎప్పుడో మాట్లాడుకున్న మాటల్లా పలచగా వినిపిస్తున్నాయి. వాటి కింద నోరు ఇంకా నవ్వుతోందని ఈసారి అతనికి తెలుసు.

గంగాధరరావు గారు బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి సాయంకాలపు వెలుగు ఆయన భుజం మీద పడుతోంది.

"ఏది ఉంచుకున్నారండీ?"

రూబెన్ నికాను తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీంచి చెయ్యి వెంటనే తీయలేకపోయాడు.

"పిట్టలు బాగా పడలేదా?"

"అద్భుతంగా పడ్డాయండి."

"మరి?"

కారణం చెప్పాలి. ఏడాదిగా పోగేసిన వాక్యాల్లో వెతికాడు. ఒక్కటీ ఈ పనికి రాలేదు. నికాను మీంచి చెయ్యి తీసి, మెడలో ఉన్న క్యానను ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి ఆయనకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఏవండీ, ఒక్కసారి ఇటు చూడండి."

"నన్నాండీ?" నలభై ఏళ్ళు ఊరందరికీ అదే మాట చెప్పిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీ పట్టుకున్నారు. జుట్టు సర్దుకున్నారు. తర్వాత రూబెన్ నోటి వైపు చూశారు, చూసి మెల్లగా నవ్వడం మొదలుపెట్టారు.

రూబెన్ ఇంకొక్క అడుగు ముందుకు వేసి, నొక్కాడు.