అత్త నోటు పుస్తకంలో రైట్లు

గిన్నెలు నేనే తోముతున్నాను. మా మేనత్త ఇంట్లో సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టడం మానేసి ఏడాదయింది. ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్ళుగా దుప్పట్లు బ్లీచింగు నీళ్ళలో నానబెడుతున్న వేళ్ళు ఆమెవి. కణుపుల దగ్గర పగిలి, గ్లౌజు తీసినప్పుడల్లా తోలు కూడా ఊడి వస్తుంది. నన్ను ఊరి నుంచి ఈ పరాయి దేశానికి తీసుకొచ్చి అదే లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పెట్టించింది ఆమే.

"ఏమే పంతులమ్మా, ఆ గిన్నెలు ఎక్కడికీ పారిపోవుగానీ, ఇలా రా" అంది అత్త.

బల్ల మీద ఆమె నోటు పుస్తకం, పక్కన పరీక్ష ఆఫీసు పంపిన జవాబు పత్రం నకలు ఉన్నాయి. ఆసుపత్రి పై అంతస్తులో ముసలివాళ్ళకు టీ అందించి, కాసేపు కబుర్లు చెప్పే పని ఒకటి ఖాళీ అయింది. చెయ్యి తడవని పని. ఆ ముసలివాళ్ళు మాట్లాడేది డచ్ భాష. అందుకని డచ్ మొదటి మెట్టు పరీక్ష ప్యాసైనవాళ్ళకే ఇస్తామన్నారు. అత్తకు ఐదు మార్కుల్లో పోయింది. మళ్ళీ పరీక్ష ఏడాదికి గానీ లేదు.

"మన మాటలో క్రియ బుద్ధిగా చివర కూర్చుంటుంది కదే. వీళ్ళదేమిటి, క్యూలో దూరి రెండోచోట నిలబడుతుంది?" అని మొదట్లో నవ్వేది. అయినా వదల్లేదు. రోజూ పది వాక్యాలు రాసేది. నేను డచ్ పాఠాల పుస్తకం చూసి ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. ఆమె చదివింది ఐదో తరగతి, నేను ఇంటర్. మా ఊరి బడి పద్ధతే పెట్టాను: తప్పు పడ్డది పదిసార్లు రాయాలి, రైటు పడ్డది కంఠస్థం చెయ్యాలి.

తప్పు పెడితే ఆ పదిసార్లూ రాసేదాకా నేనూ పక్కన కూర్చోవాలి. అరగంట పట్టేది. ఒక సాయంత్రం కాళ్ళు లాగుతుంటే, నాలుగు తప్పులుంటే రెండే పెట్టాను. మర్నాడు ఒకటే. ఆ తర్వాత రెండు నెలలు అసలు చదవనేలేదు. ఒక చేత్తో ఫోను చూసుకుంటూ రెండో చేత్తో రైట్లు కొట్టాను. పదికి పది వచ్చిన రోజు అత్త పగిలిన ఆ వేళ్ళతోనే నాకు తల దువ్వేది.

"ఇదిగో, దీనికి సున్నా చుట్టారా?" అత్త వేలు జవాబు పత్రం మీద ఆగింది. "నోటు పుస్తకంలో అదే వాక్యం. రైటుంది. మనిషి తెలుసు అనడానికి ఒక మాట, సంగతి తెలుసు అనడానికి ఇంకో మాట అన్నావు. అదీ ఇలాగే రాశా. దానికీ రైటుంది. ఆరు చూశానే, ఆరూ అంతే."

నా చేతుల నుంచి సబ్బునీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"వాళ్ళకే దిద్దడం రాలేదు. ఇవాళే ఇవి రెండూ తీసుకెళ్ళి మన లాండ్రీ సూపర్‌వైజరమ్మ ముందు పెడతా. మా పిల్ల దిద్దిందమ్మా, చూసుకో అంటా. నోరు లేని మనిషిననుకున్నారేమో!"

నోటు పుస్తకం సంచిలోకి వెళ్ళింది. సూపర్‌వైజరమ్మకు డచ్ పుట్టుకతో వచ్చిన భాష. ఒక్క పేజీ తిప్పితే చాలు.

"తీసుకెళ్ళకు అత్తా."

"ఏం, నలుగురిలో నీకు పేరొస్తుందని సిగ్గా?"

"వాళ్ళు దిద్దిందే కరెక్టు. నేనే చదవకుండా రైట్లు కొట్టాను."

ముందు నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది.

"ఏవేవి?"

"సగం నుంచి చివరిదాకా."

అత్త పుస్తకం మళ్ళీ బయటికి తీసింది. కంఠస్థం చేసేటప్పటిలాగే పెదవులు కదుపుతూ ఒక పేజీ, ఇంకో పేజీ తిప్పింది.

"ఇవన్నీ నాకు నోటికొచ్చు కదే" అంది మెల్లగా. "నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇప్పుడెలా మర్చిపోవాలే?"

కాళ్ళ నొప్పి సంగతి చెప్పబోయాను. పేజీ మీద ఆమె పగిలిన వేళ్ళు కనిపించాయి.

ఆమె షిఫ్టుకు వేళయింది. నాది మధ్యాహ్నం. రోజూ గుమ్మంలో ఆగి "టోట్ స్ట్రాక్స్" అనేది; మళ్ళీ కలుద్దాం అని. నేను "బాగా పలికావు" అనేదాకా రెండుమూడు సార్లు అనేది. ఇవాళ నోటు పుస్తకం బల్ల మీదే పెట్టి, గ్లౌజులు సంచిలో వేసుకుంది. చెప్పులు తొడుక్కుంది. గుమ్మంలో ఆగలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు లాగి వెళ్ళిపోయింది.