అరటిపండు లేని ఇల్లు

మా ఇంట్లోకి అరటిపండు వచ్చి మూడేళ్లయింది. నేనే రానివ్వలేదు. బొప్పాయి, కివీ కూడా అంతే. పండగకి దేవుడి ముందు కొబ్బరికాయ ఒక్కటే పెడతాను. దేవుడు ఏమీ అనలేదు గానీ మా అత్త కూర్మమ్మ చాలానే అంది.

నా కూతురు మోహనప్రియ మూడేళ్లప్పుడు సగం అరటిపండు తిని, పెదాలు ఉబ్బి, గొంతు మూసుకుపోయి, ఇక్కడ మలేషియాలో, మా క్లాంగ్ ఊళ్లోనే ఆసుపత్రి పాలైంది. పండులో ఉండే ఒక ప్రోటీన్‌ని దాని ఒళ్లు శత్రువనుకుంటోందని, అలాంటిదే ఉండే బొప్పాయి, కివీ కూడా వద్దని అప్పటి డాక్టరు చెప్పాడు. తొడలో గుచ్చే మందు పెన్ను ఒకటి ఇచ్చి, ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నాడు. అప్పట్నుంచి నిద్రలో కూడా దాని ఊపిరి వింటూనే ఉన్నాను. ఊపిరి కాస్త బరువుగా వినిపిస్తే చాలు, లేచి లైటు వేసి దాని మూతి చూస్తాను.

పండ్లన్నీ మానేసినా దద్దుర్లు మానలేదు. నెలకోసారైనా మూతి చుట్టూ ఎర్రగా లేచేవి. క్లినిక్‌కి తీసుకెళితే, ఏదో తినుంటుందని మాత్రలిచ్చి పంపేవారు. తినుంటుందంటే ఎవరో పెట్టినట్టేగా! ఇంట్లో ఉండేది నలుగురం. నేను పెట్టను. మా ఆయన ప్రకాశ్‌కి నేనంటే హడల్, అతనూ పెట్టడు. ఇక మిగిలింది ఎవరు?

అత్త ఎస్టేటులో ముప్పై ఏళ్లు రబ్బరు చెట్లకి గాట్లు పెట్టి పాలు పట్టిన మనిషి. "మా పిల్లలు అరటిపండు తినే పెరిగినారు" అని గొణిగేది. ఆవిడ బజారుకి వెళ్లొస్తే చేతులు వాసన చూసేదాన్ని. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నా చేతుల మీద కూడా నాకు నమ్మకం లేదు. నేను పనిచేసేది రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో. చిన్న చిన్న లోపాలున్న జతల్ని ఇంటికి తీసుకెళ్లనిస్తారు. తెల్లటివి, లోపల పొడి చల్లినవి. ప్రియ కోసం కూర తరిగినా, వంట చేసినా, ముద్దలు పెట్టినా అవి తొడుక్కోకుండా చెయ్యను.

"అన్నం కూడా ఆ సంచులేసుకునే పెడతావేటే?" అని అత్త మూతి తిప్పేది.

"నీ పెత్తనం నేకుంటే సాలత్తా" అనేదాన్ని.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ప్రియకి పప్పన్నం, గుడ్డు వేపుడు నేనే కలిపి పెట్టి, స్నానానికి వెళ్లాను. నాలుగు చెంబులు పోసుకున్నానో లేదో, అత్త తలుపు బాదింది.

"సుమతీ! బేగి రాయే! పిల్ల ఊపిరి తీయనేకపోతంది!"

తడి ఒంటి మీదే బట్టలు చుట్టుకుని పరిగెత్తాను. ప్రియ పెదాలు రెండింతలై ఉన్నాయి. మెడ గీరుకుంటోంది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఈల వేసినట్టు శబ్దం. పెన్ను తీసి తొడలో గుచ్చాను. అందరం కారెక్కాం.

"ఏటి పెట్టినావత్తా?" ముందు సీట్లో కూర్చున్న అత్త భుజం పట్టి ఊపాను.

"నానేటీ పెట్నేదు. అప్పన్న సామి మీద ఒట్టు."

"ఒట్లు నాకొద్దు. డాక్టరుకి సెప్పాలి. పండేనా?"

"నేదే అమ్మా. బొమ్మలాడుకుంటా ఉంది. నాను పక్కనే కూకున్నాను."

"దానికేదైనా అయితే నీ మొకం సూడను" అన్నాను.

ప్రకాశ్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. కార్లు కదలడం లేదు. "జామ్ లా! ఎగిరెళ్లమంటావేటి?" అని, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి నా మీదే అరిచాడు.

మందు పనిచేసింది. ఈల తగ్గింది. ప్రియ వాంతి చేసుకుంది. నా చేతికి ఏమంటి ఉందో ఏమోనని, బ్యాగులోంచి కొత్త గ్లవ్స్ తీసి తొడుక్కుని, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేశాను. పెదాలు తుడిచాను. చెంపలు నిమిరాను. కాసేపటికే ఈల మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. ఆసుపత్రి గేటు దాటేసరికి అది కూడా ఆగిపోయింది. ఛాతీ ఎగురుతోంది గానీ చప్పుడు లేదు. ఒక్క నిమిషం ముందు ఆగాలని మొక్కుకున్న ఆ ఈల, మళ్లీ వినిపిస్తే చాలని మొక్కుకున్నాను.

ఎమర్జెన్సీలో తమిళ డాక్టరమ్మ, షర్మిల అని పేరు, పిల్లని నా చేతుల్లోంచి లాక్కుని మంచం మీద పడుకోబెట్టింది. ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి, మూతికి ఆక్సిజన్ పెట్టింది.

"ఏం తింది?" తమిళంలో అడిగింది.

"పప్పన్నం, గుడ్డు. రోజూ తినేవే. మా అత్త ఏదో పెట్టింది, చెప్పట్లేదు." గుమ్మంలో నిలబడ్డ అత్త వైపు వేలు చూపించాను.

డాక్టరమ్మ అత్తని చూడలేదు. నా వేలినే చూసింది.

"ఆ గ్లవ్స్ ఏంటి? రబ్బరువా?"

"మా ఫ్యాక్టరీవి. శుభ్రం కోసం. దాని వంటంతా వీటితోనే చేస్తాను."

"ముందు తీసెయ్యండి. పాప దగ్గర్నుంచి బయటికి వెళ్లండి. ఇప్పుడే!"

బయట అరగంట నిలబడ్డాను. ఆ అరగంటలో ఎన్నిసార్లు చచ్చానో నాకే తెలియదు. ఆఖరికి డాక్టరమ్మ వచ్చి, ప్రాణభయం తప్పిందని చెప్పింది. రబ్బరు పాలలో ఉండే ఒక ప్రోటీను, అరటిపండులో ఉండేది అక్కచెల్లెళ్లలాంటివట. ఒకటి పడని పిల్లలకి రెండోదీ పడకపోవచ్చట. గ్లవ్స్ పొడి దాన్ని అన్నంలోకి, గాలిలోకి కూడా మోసుకెళుతుందట. పరీక్ష చేసి ఖాయం చేస్తారట గానీ, ఆవిడకి అనుమానం లేదు.

"ఆ పాలు పట్టే నా పిల్లలకి కూడు పెట్టినాను" అంది అత్త నేల చూస్తూ. "దాన్లో ఇసం ఉంటాదని నాకేటి తెలుసు."

ఆవిడ తన తప్పేనేమో అని వెతుక్కుంటోంది. నేను కారులో అన్న మాట గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బావుండేది.

లోపల మంచం చుట్టూ ఉన్న తెర పక్కకి జరిగింది. ప్రియ కళ్లు తెరిచి నన్ను చూసి, సూది గుచ్చిన చెయ్యి చాపింది. "అమ్మా, రా లా."

ఒక అడుగు వేశాను. "మీరు కాదు" అంది డాక్టరమ్మ. "ఇంటికెళ్లి స్నానం చేసి, బట్టలు మార్చుకుని రండి." చూసుకుంటే నా రవిక మీద, గోళ్లలో తెల్లటి పొడి. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అమ్మా!"

అత్త నా వైపు చూసింది. మనవరాలి దగ్గరికి వెళ్లడానికి నా సెలవు కోసం ఆగింది.

"ఎత్తుకో అత్తా" అన్నాను.

ఆవిడ వెళ్లి పిల్లని గుండెకి హత్తుకుంది. "అమ్మ ఎందుకు రానేదు?" అని అది ఏడుస్తుంటే, "పొద్దున్నుంచీ పని సేసి అలిసిపోనాదే, సిటికెలో వస్తాది" అని వీపు నిమిరింది.

మూడేళ్లుగా నా కూతురి నోట్లోకి వెళ్లిన ప్రతి ముద్దా ఆ గ్లవ్స్‌తో నేనే పెట్టాను. ఆ మాట పిల్లకి ఎవరూ చెప్పలేదు.