ఎడమపక్క గడియ

ఆదివారం వచ్చిందంటే మా అన్నయ్యకు ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే కెమెరా సంచి భుజాన తగిలించుకుని మా గుమ్మంలో దిగిపోతాడు. కారు నాది, నడిపేది నేను, ఫ్లాస్కులో టీ పోసేది నేను. దారి చెప్పేది మాత్రం ఆయనగారు, అదీ మలుపు దాటిపోయాక. "అక్కడ తిరగాల్సింది కదే" అంటాడు తీరిగ్గా. నాకు ఒళ్ళు మండిపోతుంది. అయినా మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేదీ నేనే.

మేము వెళ్ళేది పాత కొట్టాలను ఫోటోలు తీయడానికి. పొలాల మధ్య గడ్డీ ధాన్యమూ దాచుకోవడానికి ఒకప్పుడు కట్టుకున్న పెద్ద పెద్ద చెక్క కొట్టాలు. ఇప్పుడు వాటిని పట్టించుకునే నాథుడు లేడు. కొన్ని ఒక పక్కకు ఒరిగాయి, కొన్నిటికి కప్పు ఊడిపోయింది. అన్నయ్య జీవితమంతా స్టూడియో నడిపి, మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డాలు పైకెత్తించి ఫోటోలు తీసినవాడు. అందుకేనేమో ఇప్పుడు మనుషులంటే మొహం మొత్తింది. "ఫోటోలో మనిషన్నవాడు కనబడకూడదు. నువ్వు కారు దగ్గరే ఉండు" అని ముందే చెప్పేస్తాడు. ఇప్పటికీ ఫిల్మే వాడతాడు. స్నానాల గదిలో ఎర్రబల్బు పెట్టుకుని తనే ఫోటోలు కడుగుతాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ స్నానాలుండవు, వదిన తిట్టని తిట్టు ఉండదు.

కొట్టాల పేరు చెప్పి నిజానికి మేము వెతుక్కునేది నాన్నని.

నాన్న వడ్రంగి. ఈ చుట్టుపక్కల కొట్టాలకు తలుపులు చేసి బిగించడం ఆయన పని. ఆయనది ఎడమచేతి వాటం. ఉలి పట్టినా, సుత్తి పట్టినా, మా చెవులు పట్టుకుని మెలిపెట్టినా ఎడమచెయ్యే. అందరి తలుపులకూ గడియ కుడిపక్కన ఉంటే నాన్న బిగించిన తలుపులకు ఎడమపక్కన ఉండేది. కావాలని చేసింది కాదు. ఆయన చెయ్యి అటే పోయేది. అంతా అయిపోయి, తలుపుగలవాళ్ళు వచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంటే గానీ ఆయనకు తెలిసేది కాదు. "ఈ చంకలో గడ్డిమోపు పెట్టుకుని ఏ చేత్తో తియ్యమంటావయ్యా?" అని వాళ్ళు లబలబలాడితే, నాన్న పనిముట్లు సర్దుకుంటూ "అలవాటైపోతుందిలే" అనేవాడు. ఎవరేమన్నా అదే మాట.

నేనూ ఎడమచేతిదాన్నే. చిన్నప్పుడు బడిలో కుడిచేత్తో రాయమని నా వేళ్ళమీద బెత్తంతో కొట్టారు. అప్పుడు మాత్రం నాన్న "అలవాటైపోతుందిలే" అనలేదు. పని బట్టలతోనే బడికి వచ్చి, "దాని చెయ్యి జోలికి రాకండి" అన్నాడు. ఆయన మొహంలో అంత కోపం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆయన పోయాక చూసుకుంటే మా ఇంట్లో ఆయన చేసిన వస్తువంటూ ఒక్కటి లేదు. ఊరందరికీ తలుపులు చేసిన మనిషి మాకు ఒక కుంటి స్టూలు కూడా చేసి పెట్టలేదు. "రేపు చేస్తాలే" అనడమే. మాకు తెలిసిన ఆయన కొట్టాలన్నీ వెళ్ళి చూశాం. ఒకచోట పెట్రోలు బంకు లేచింది, ఒకచోట మొండి నేల మిగిలింది. ఎక్కడైనా ఒక్కటి మిగిలి ఉంటే ఆ తలుపు ఒక్కసారి నా చేత్తో తీసి చూడాలని కోరిక. ఒక్కసారి చాలు.

మొన్న ఒక సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి కొత్త ఫోటోలు తాడుకు ఆరేసి ఉన్నాయి.

"ఏమైనా దొరికిందా?" అన్నాను.

"లేదే. కుక్క మొరిగి చంపింది చూడు, ఆ కొట్టంమీద ఆశ పెట్టుకున్నా. పెద్దది చేసి చూస్తే గడియ కుడిపక్కే ఉంది. మనది కాదు."

ఆ కొట్టం నాకు బాగా గుర్తుంది. అంతకుముందు ఆదివారమే చూశాం. ముళ్ళకంచె వెనక పొలం, ఆ చివర కొట్టం, మధ్యలో గొలుసు తెంపుకునేలా ఎగురుతున్న కుక్క. నేను కంచె దాకా వెళ్ళి దాన్ని మంచి చేసుకోబోయాను గానీ ససేమిరా అంది. అక్కడి నుంచి తలుపు కనబడింది గానీ గడియ కంటికి ఆనలేదు. అన్నయ్య రోడ్డుమీదే నిలబడి పొడుగు లెన్సుతో ఫోటో తీసి, "ఇంటికెళ్ళి చూద్దాంలే" అన్నాడు.

ఆ ఫోటో తీసి చూశాను. ఒక మూల, కంచె పక్కన, వేలెడంత నేను. చేతిలో టీ కప్పు.

"నన్నెందుకు పడేశావు ఇందులో?"

"నేను పడెయ్యడమేంటి, నువ్వే అడ్డమొచ్చావు. ఉండు, ఆ మూల కత్తిరించేస్తా" అంటూ కత్తెర కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టాడు.

ఫోటోను కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళాను. ఏదో తేడాగా ఉంది. లావుగా పడ్డానేమో అనుకున్నాను. లావుగానే పడ్డాను, కానీ తేడా అది కాదు. కప్పు నా కుడిచేతిలో ఉంది.

"అన్నయ్యా, నేను కుడిచేత్తో టీ తాగడం నువ్వెప్పుడైనా చూశావా?"

"నువ్వా? కుడిచేత్తో తాగితే సగం కొంగుకే పోస్తావుగా" అన్నాడు సొరుగులోంచి తల ఎత్తకుండానే. ఆ తర్వాత తల ఎత్తాడు. కత్తెర అక్కడే వదిలేసి వచ్చి ఫోటో లాక్కున్నాడు.

నెగెటివును తిరగేసి పెట్టి కడిగాడు మహానుభావుడు. అలా పెడితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. కళ్ళజోడు పెట్టుకోవయ్యా అంటే వినడు. ఇన్నేళ్ళ అనుభవం, నా వేళ్ళకే కళ్ళున్నాయి అంటాడు.

"గడ్డి తిన్నానే" అని నెత్తి కొట్టుకున్నాడు. "అంటే గడియ..."

"ఎడమపక్క!" అని అరిచాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. అంతలో అన్నయ్య వేలు ఫోటోమీద ఇంకోచోట ఆగింది. కొట్టం పక్కన కొత్త ఇటుకల గుట్ట, దానికి ఆనించి ఇనపరేకులు.

"పడగొడుతున్నారే" అన్నాడు నెమ్మదిగా.

ఆదివారం దాకా ఆగితే ఒట్టు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. దారిలో అన్నయ్య ఒక్క మలుపు కూడా తప్పు చెప్పలేదు. నేనూ ఒక్క మాట అనలేదు.

మేము వెళ్ళేసరికి కప్పు లేదు, వెనక గోడ లేదు. ముందు గోడ ఒక్కటే నిలబడి ఉంది. అందులో తలుపు, తలుపుకు ఎడమపక్కన గడియ. ఆ పొలం ఆవిడ, మా అమ్మ వయసుంటుంది, స్టూలుమీద కూర్చుని పని చేయిస్తోంది. మేమెవరమో చెప్పాను.

"ఆ ఎడంచేతాయన పిల్లలా మీరు!" అని ఫక్కున నవ్విందావిడ. "ఏమీ అనుకోవద్దమ్మా, మా ఆయన బతికున్నన్నాళ్ళూ మీ నాన్నని తిట్టుకోని రోజు లేదు."

ఇంతలో మేస్త్రీ తలుపుమీద చెయ్యి వేసి తట్టి చూశాడు. "చెక్క రాయిలా ఉందమ్మా. కొత్త షెడ్డుకి దీన్నే పెట్టేద్దాం. గడియ మాత్రం కుడిపక్కకి మార్చేస్తా" అని ఉలి తీశాడు.

నోటి దురుసుకి పెట్టింది పేరు నేను, కానీ ఇక్కడ నా దురుసు చెల్లదు. తలుపు వాళ్ళది, షెడ్డు వాళ్ళది. ఏ మొహం పెట్టుకుని అడ్డుపడను? అన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఉన్నచోటే ఉండనీ నాయనా" అందావిడ.

"అందరికీ కుడిపక్కే కదమ్మా ఉండేది?"

"ఉంటే ఉండనీ. కొత్తలో నేనూ విసుక్కున్నా. ఇప్పుడు నా చెయ్యి ఇటు తప్ప పోదు. అలవాటైపోయింది."

అన్నయ్య అటు తిరిగి, శుభ్రంగా ఉన్న లెన్సును తుడవడం మొదలుపెట్టాడు. నేను కళ్ళు దాచుకోలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు.

"ఒక్కసారి తలుపు తీసి చూడనా అమ్మా?"

"తియ్యమ్మా, మీ నాన్న తలుపేగా."

కత్తెర దగ్గర్నుంచి కారు తాళం దాకా ఈ లోకంలో ప్రతీదీ నాకు అడ్డంగానే తగిలింది. ఆ గడియ అలా తగల్లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి ఆనింది. కొద్దిగా ఎత్తగానే తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల కొట్టం లేదు, పొలమూ ఎండా ఉన్నాయి. "నాన్నా" అన్నాను పైకే, ఎవరు వింటే నాకేం.

కెమెరా ఎత్తడం చూసి పక్కకు తప్పుకోబోయాను.

"కదలకు" అన్నాడు అన్నయ్య.

"మనుషులుండకూడదన్నావుగా?"

"నోర్ముయ్యవే. చెయ్యి గడియమీద అలాగే ఉంచు."

"మళ్ళీ తిరగేసి కడిగావో, ఊరుకోను చెప్తున్నా."

అన్నయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఫోటో తీయడం ఎప్పుడో అయిపోయింది, నేను మాత్రం గడియ వదల్లేదు.