కత్తిని కాపాడే కర్ర

తను వాడుకోమని ఇచ్చిన పాత గడ్డికోత యంత్రం కత్తి విరగ్గొట్టి తెచ్చిందని పక్క పొలం అమ్మాయి ఇంగా మీద ఆల్విన్ ఒంటికాలి మీద లేచాడు. అదీ చర్చి విందులో, పదిమంది ముందు. "రాయికీ గడ్డికీ తేడా తెలీనిదానివి, నీకు వ్యవసాయమెందుకమ్మాయ్?"

ఇంగా మొహం కందిపోయింది. "తప్పయింది పెద్దాయనా, నేనే బాగుచేసిస్తాను."

మర్నాడు పొద్దున్నే కొత్త కత్తితో వచ్చింది. పనిలో పనిగా మారుద్దామని, కత్తిని ఆడించే కర్రను కూడా తనే నున్నగా చెక్కి తెచ్చింది. ఇద్దరూ షెడ్డులో యంత్రం విప్పారు. చక్రానికీ కత్తికీ మధ్య ఆమె చెయ్యి ఆగిపోయింది.

అక్కడుండాల్సింది చెక్క కర్ర. రాయి తగిలితే ముందు అదే విరిగి కత్తిని కాపాడుతుందని విస్కాన్సిన్ పాలరైతుల ఇళ్లలో పసిపిల్లలకీ తెలుసు. అక్కడున్నది ఇనప కడ్డీ. మాటిమాటికీ కర్ర మార్చలేక కిందటేడు విసుగుతో బిగించింది ఆల్వినే. బిగించి మర్చిపోయాడు.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇంగా కడ్డీ ఊడదీసి కర్ర బిగించింది.

అంతలో, విందులో అందరికంటే గట్టిగా నవ్విన క్లిఫర్డ్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం ఇంగా, ఈసారేం విరగ్గొట్టావ్?"

ఆల్విన్ నోరు తెరిచాడు. ఈలోపే ఇంగా కడ్డీ మీద గోనెసంచి కప్పేసింది.

"అదే, మొన్న నేను రాయి చూసుకోలేదుగా" అంది.

ఆల్విన్ తెరిచిన నోరు మూసుకుని, అవునన్నట్టు తలూపాడు.