మగ్గు నీళ్లు తగిలేంత ఎత్తు

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఈ పరాయి దేశంలో, పియారా వాటర్స్ అనే పేటలో మేం కొన్న ఇంట్లో చిన్న బాత్రూం గోడ రంగు పొక్కిపోయి, వేలితో నొక్కితే మెత్తగా దిగబడేసరికి, నేరుగా మా అత్తమ్మ మీద పడ్డాను. "షవర్ బయట కూర్చుని పోసుకునే మీ మగ్గు నీళ్లకే గోడ కుళ్లిపోయింది అత్తమ్మా. అందరిలా షవర్ కింద నిలబడి చేయండి" అన్నాను.

ఆమె మోకాళ్లు అంతసేపు నిలబడనివ్వవు. ఆ రోజు నుంచి షవర్ మూలలో పీట వేసుకుని, ముడుచుకుని, చప్పుడు కాకుండా కాసిని కాసిని నీళ్లు పోసుకునేది. దాన్ని స్నానం అనకూడదు. నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను.

గోడ పనికి జైరామ్ గారొచ్చారు. తాతల కాలంలో ఫిజీ వెళ్లిన తెలుగువాళ్ల మనవడు, అరవై దాటిన టైల్స్ మేస్త్రి. "షవర్ వరకు తెల్ల టైల్స్, మిగతాదంతా పెయింట్ వేసేయండి అంకుల్. చిన్న రూం కదా, బ్రైట్‌గా ఉండాలి" అని ఫోన్‌లో బొమ్మ చూపించాను.

ఆయన బొమ్మ చూడనే లేదు. "ఇక్కడ స్నానం ఎవరు చేస్తారు సిస్టర్?" అన్నారు. అత్తమ్మని చూపించాను. "అమ్మా, నీళ్లెలా పోసుకుంటారో బట్టల మీదే ఒకసారి చూపించండి" అని అడిగారు.

అత్తమ్మ నా వైపు చూసి, మోచేతి మీద నాలుగు చుక్కలు పోసుకుంది.

"ఇది కాదమ్మా" అంటూ ఆయనే పీట షవర్ బయటికి లాగి కూర్చున్నారు. పెన్సిల్ నా చేతికిచ్చి, గోడ మీద చుక్కలు పడ్డచోటల్లా గీత పెట్టమన్నారు. "ఫిజీలో మా ఊరు లబాసాలో మా అవ్వ ఇలా పోసుకునేది" అని, వేసుకున్న బట్టలతోనే, మగ్గు నిండా నీళ్లు వీపు మీదికి విసురుకున్నారు. నేను నోరెళ్లబెట్టాను. గీతలు నా భుజం దాటి పైకి వెళ్లాయి.

"టైల్ ఇక్కడి దాకా రావాలి. పెయింట్ ఆ పైనే."

గోడకున్న పాత బోర్డు ఊడదీశాక నన్ను పిలిచి చూపించారు. "షవర్లో తప్ప ఎక్కడా వాటర్‌ప్రూఫ్ కోటింగే వెయ్యలేదు. తప్పు మగ్గుది కాదు సిస్టర్, గోడది."

తల తీసేసినట్టయింది.

ఆ పనితనం ఏమని చెప్పను! కొత్త సిమెంటు బోర్డులు బిగించి, మూలలకి టేపు వేసి, నీళ్లు ఆపే పూత పూశారు. అది ఆరేదాకా రెండో పూత మాటే ఎత్తలేదు. నేను తొందరపెడితే చెవిన వేసుకోలేదు. టార్చి గోడకి ఆనించి పట్టుకుని వెతికి, ఆవగింజంత చిల్లి దొరికితే అక్కడ మళ్లీ పూశారు. టైల్ ముక్కలు తడిపి ఆరబెట్టి, మరక కనిపించనివి ఏరి, వాటిలో ఎంపిక అత్తమ్మకే వదిలేశారు. ఆమె లేతాకుపచ్చ తీసుకుంది. నా తెల్లరంగు ఎవరికీ గుర్తుకే రాలేదు.

అంతా ఆరాక అత్తమ్మ మొదటిసారి స్నానానికి వెళ్లింది. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల మళ్లీ అదే, సన్నటి ధార. గోడ ఆయన బాగు చేశారు, భయం పెట్టింది మాత్రం నేను.

"అత్తమ్మా, తప్పు నాదే. గోడంతా తడవనివ్వండి" అన్నాను.

లోపల ధార ఆగింది. తర్వాత మగ్గుడు నీళ్లు దభీమని గోడకి కొట్టుకున్నాయి, వెంటనే ఇంకో మగ్గు. నేను తలుపుకి ఆనుకుని ఏడ్చేశాను.